ఆదివారం మూడు గంటలు పెడితే వారమంతా బాక్సు రెడీ: సగం వంట చేసి పెట్టుకోవడం ఎలా

ముందే ఒక మాట చెప్పేస్తా, మీల్ ప్రెప్ (వారానికి సరిపడా వంట ముందే చేసి పెట్టుకోవడం) అనగానే ఒకేలాంటి అయిదు డబ్బాలు, అన్నిట్లో అదే అన్నం అదే కూర అదే రెండు క్యారెట్ ముక్కలు, అలా వరసగా పేర్చిన ఫొటోలు చూసి ఉంటారు కదా, అది మన ఇళ్లలో నడవదు. నేను నడిపి చూశాను. మేం ఇద్దరం, హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉంటాం, ఇద్దరికీ ఉద్యోగాలే, మా ఆవిడకి వారం విడిచి వారం పొద్దున్నే షిఫ్ట్, కాబట్టి వంటగది చాలావరకు నాది. మొదటి వారం ఉత్సాహంగా ఆదివారం అయిదు గంటలు నిలబడి బెండకాయ వేపుడు, బీన్స్ కూర, బంగాళదుంప, టమాటా పప్పు, అన్నం అన్నీ పూర్తిగా వండేసి డబ్బాల్లో సర్దేశా. మంగళవారానికి బెండకాయ జిగురొచ్చింది, అన్నం రాయిలా అయింది, ఫ్రిజ్‌లో పాలు కూడా వెల్లుల్లి వాసన కొట్టాయి. బుధవారం మధ్యాహ్నం ఇద్దరం చెరో ఆఫీసులో కూర్చుని ఒకరికి తెలీకుండా ఒకరం బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నాం. తెనాలి నుంచి అమ్మ ఫోన్‌లో "ఏరా, అయిదు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి తింటే అది కూరేనా, దాన్ని చద్ది అంటారు" అంది, నాకు కోపం వచ్చింది గానీ నిజమే కదా.

తర్వాత తెలిసిందేంటంటే మన వంటలో అసలు టైమంతా తాలింపుకి ముందే పోతుంది, తరగడం, నానబెట్టడం, ఉడకబెట్టడం, చింతపండు పిసకడం, ఉల్లిపాయలు వేయించడం, రుబ్బడం, ఇవన్నీ కలిపి గంటంబావు. ఆఖర్న తాలింపు పెట్టి కలపడానికి అయిదు నిమిషాలు. అమ్మ ఒప్పుకునే రుచీ, "వేడివేడిగా" అనే ఆ ఫీలింగూ మొత్తం ఆ ఆఖరి అయిదు నిమిషాల్లోనే ఉంటాయి. అందుకే ఆదివారం తాలింపు ముందు వరకు చేసి ఆపేయాలి, తాలింపు మాత్రం ఏ రోజుకి ఆ రోజే. ఇంతే లెక్క, కింద ఉన్నదంతా దీన్ని ఎలా నడపాలి అన్నదే.

ముందు వారం లెక్క రాసుకోండి

శుక్రవారం రాత్రో శనివారం పొద్దున్నో ఫ్రిజ్ తలుపు తీసి ఏముందో చూసి, తర్వాత ఒక కాగితం మీద సోమ నుంచి శుక్ర వరకు రాయండి. ఫోన్‌లో రాస్తే మళ్ళీ చూడరు, కాగితం ఫ్రిజ్‌కి అంటించండి. మీ ఇంట్లో ఏ రోజు ఏం తినరో అది ముందు పెట్టుకోవాలి, సోమవారం శివుడని, గురువారం బాబా అని, శనివారం వెంకటేశ్వరస్వామి అని నీచు ముట్టని ఇళ్ళు చాలా ఉంటాయి, కొంతమందికి మంగళవారం కూడా. ఇది చూసుకోకుండా నేను ఒకసారి ఎనిమిది గుడ్లు ఉడకబెట్టి పెట్టుకున్నా, తీరా చూస్తే కార్తీక మాసం మొదలైంది. ఆ నెలలో ఉల్లి వెల్లుల్లి కూడా మానేసే ఇళ్ళైతే మసాలా ముద్ద చేసి దాచుకున్నా దండగే, పప్పు, పులుసు, పొడుల మీద నడిపించుకోవాలి.

ఆదివారం అంటే మనకి చికెన్ రోజు కదా, ఆ రోజు మధ్యాహ్నం తిని పడుకోవడం తప్ప ఇంకేం చేయబుద్ధి కాదు. కాబట్టి ఈ వంటంతా పొద్దున్న ఏడింటి నుంచి పదింటి లోపు పెట్టుకోండి, లేదంటే శనివారం సాయంత్రం. అంత పొద్దున్నే లేచేదేంటి అనకండి, పది దాటితే చుట్టాలో కరెంటు మనిషో గ్యాస్ అబ్బాయో ఎవరో ఒకరు వస్తారు.

మా కాగితం ఒక మామూలు వారంలో ఇలా ఉంటుంది. సోమవారం టమాటా పప్పు, దొండకాయ వేపుడు. మంగళవారం గుడ్డు పులుసు. బుధవారం బీన్స్ కొబ్బరి కూర, చారు. గురువారం పులిహోర, పెరుగు. శుక్రవారం గోంగూర పప్పు, క్యాబేజీ కూర. ఈ వరసకి కారణం ఉంది, త్వరగా పాడయ్యేవి ముందు పెట్టాలి, దొండకాయలు నాలుగు రోజులుంటే లోపల ఎర్రగా పండిపోతాయి, ఆకుకూరలు వాడిపోతాయి, క్యాబేజీ, బీట్‌రూట్, క్యారెట్, కంద ఇవైతే వారం చివరి దాకా కదలకుండా కూర్చుంటాయి. గురువారం పులిహోర ఎందుకంటే ఆ రోజుకి ఓపిక అయిపోతుంది, ఓపిక లేని రోజొకటి ప్లాన్‌లోనే పెట్టుకుంటే బయట ఆర్డర్ పెట్టరు.

ఎంత కొనాలి

శనివారం సాయంత్రం రైతు బజార్‌కి వెళ్ళండి. 1999లో ఇవి పెట్టినప్పటి నుంచీ కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహదీపట్నం వైపు వాళ్లకి వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవడం అలవాటే, మన తరం యాప్‌ల్లో పావుకిలో పావుకిలో తెప్పించుకోవడం మొదలుపెట్టాక అది పోయింది.

లెక్క కావాలంటే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చూడండి, 2000 కేలరీల భోజనానికి రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం కలిపి 85 గ్రాములు అని చెప్తారు. నాలుగు వందల గ్రాముల కూరగాయలంటే మనం కంచంలో పక్కన పెట్టుకునే కూర దాని ముందు తాలింపు గింజల్లా కనిపిస్తుంది. ఇద్దరికి అయిదు రోజులకి 4 కిలోలు అవుతుంది, అంత మేం కూడా తినడం లేదు, రెండున్నర కిలోల దగ్గర ఉన్నాం, ఇంతకు ముందు అదీ లేదు.

కందిపప్పు ఇద్దరికి ఒక పూటకి 100 గ్రాములు వేసుకుంటే రెండు పూటలకి 200. ఉల్లిపాయలు 2 కిలోలు. టమాటాలు కిలోన్నర, అందులో సగం గట్టివి తీసుకోండి. చింతపండు పావుకిలో ఇంట్లో ఉంటే చాలు.

డబ్బాలు

దీని మీద జనం డబ్బు తగలేస్తారు, నేనూ తగలేశా. ఆఫీసులో మైక్రోవేవ్ ఉంటే గాజు డబ్బాలు రెండు, స్టీల్ డబ్బా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు కాబట్టి. కానీ గాజు బరువు, మెట్రోలో బ్యాగ్ భుజానికి వేలాడుతుంటే తెలుస్తుంది. మా ఆవిడ స్టీల్ క్యారేజీ మానలేదు, మధ్యాహ్నం చల్లగానే తింటుంది, పప్పన్నానికి అదేం పెద్ద ఇబ్బంది కాదు. ఇంట్లో ఫ్రిజ్‌లో దాచడానికి స్టీల్ డబ్బాలే బెస్ట్, పసుపు అంటదు, వాసన పట్టదు, త్వరగా చల్లబడుతుంది. ప్లాస్టిక్‌లో పులుసు పోస్తే ఆ డబ్బా జన్మంతా పసుపురంగే.

ఇంకో మూడు వస్తువులు మర్చిపోకండి: మాస్కింగ్ టేప్, మార్కర్ పెన్, ఐస్ ట్రే. ప్రతి డబ్బా మీద టేప్ ముక్క అంటించి ఏంటో, ఏ రోజు చేశారో రాయండి. "గుర్తుంటుందిలే" అనుకుంటే మూడో వారం గడ్డకట్టిన ఎర్రటి ముద్ద ఒకటి చేతిలో పట్టుకుని ఇది గోంగూరా మసాలానా అని నిలబడాల్సి వస్తుంది.

శనివారం రాత్రి పని, పావుగంట

ఇడ్లీ పిండి కావాలంటే శనివారం మధ్యాహ్నమే ఒక గ్లాసు మినపగుళ్ళు నానబెట్టి, సాయంత్రం రుబ్బి, కడిగి గట్టిగా పిండేసిన ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు కలిపి పెట్టేయండి. గిన్నెలో సగమే ఉండాలి, పొంగుతుంది. ఎండాకాలం ఆరేడు గంటలు చాలు, చలికాలం పన్నెండు గంటలు కూడా పడుతుంది. ఆదివారం పొద్దున్న పొంగగానే ఫ్రిజ్‌లోకి. ఈ పిండికి ఒక వరస ఉంది, సోమవారం తాజాగా ఉన్నప్పుడు ఇడ్లీ, బుధవారానికి కాస్త పులుస్తుంది కాబట్టి ఉల్లిపాయలు పచ్చిమిర్చి చల్లి ఊతప్పం, శుక్రవారం సాయంత్రానికి బాగా పులిసి ఉంటే కొంచెం మైదానో బియ్యప్పిండో కలిపి పునుగులు. పులిసింది అని పారేసేది ఏమీ ఉండదు. పెసరట్టు పిండి పులవాల్సిన పని లేదు కాబట్టి పెసలు రాత్రి నానబెట్టి పొద్దున్న అల్లం పచ్చిమిర్చితో రుబ్బుకోవచ్చు, కానీ అది రెండు మూడు రోజులకి మించి ఉంచకండి.

చింతపండు కూడా రాత్రే నానబెట్టండి, ఒక 150 గ్రాములు, వేడినీళ్ళు పోసి మూత పెట్టేయండి.

ఆదివారం మూడు గంటలు, ఏది ముందు ఏది వెనక

ఇక్కడే అందరూ తడబడతారు, ఒకటి అయ్యాక ఒకటి చేద్దాం అనుకుంటారు, అలా చేస్తే మధ్యాహ్నం రెండవుతుంది. స్టవ్ ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, మీ చేతులు ఇంకో పనిలో ఉండాలి.

ముందు కుక్కర్. గిన్నెలు పెట్టే కుక్కర్ అయితే కింద కందిపప్పు, పసుపు, రెండు చుక్కల నూనె, పైన గిన్నెలో బంగాళదుంపలు తొక్కతోనే. నాలుగైదు విజిల్స్. ఉప్పు వేయకండి, పులుపు అసలే వేయకండి, పులుపు పడితే పప్పు ఉడకదు. ఈ పప్పు చప్పగా మెత్తగా ఉడికి ఆగిపోవాలి, ఎందుకంటే ఇదే పప్పు సోమవారం టమాటా పప్పు అవుతుంది, శుక్రవారం గోంగూర పప్పు అవుతుంది, మధ్యలో రెండు గరిటెలు తీసి పలచగా చేస్తే పప్పుచారు అవుతుంది. అదే టమాటా పప్పుగా మొత్తం చేసేసి పెడితే శుక్రవారం దాకా టమాటా పప్పే.

రెండో పొయ్యి మీద పులిహోర గుజ్జు. నానిన చింతపండు పిసికి పిప్పి తీసేసి చిక్కటి గుజ్జు తీయండి, అందులో సగం ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, గడ్డకట్టాక ఆ ముక్కలు ఒక కవర్‌లో వేసుకుంటే చారుకి ఒకటి, పులుసుకి మూడు అలా వేసుకోవచ్చు, రోజూ నానబెట్టి పిసికే పని లేదు. మిగతా సగం మూకుడులో నూనె వేసి పసుపు, ఉప్పు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క, వేయించి కొట్టిన మెంతిపొడి వేసి నూనె పైకి తేలే దాకా ఉడికించండి. చల్లారాక తడిలేని గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెల ఉంటుంది. గోదావరి వాళ్ళలా ఆవపిండి వేసుకునేవాళ్ళు దాన్ని ఈ గుజ్జులో కలపకండి, తినే రోజే కలపండి, నిలవుంటే చేదెక్కుతుంది. వేరుశెనగలూ శెనగపప్పూ కూడా ఆ రోజే తాలింపులో వేయాలి, ముందే వేస్తే మెత్తబడి నోట్లో నాన్చుకున్నట్టు ఉంటాయి.

కుక్కర్ దిగగానే ఆ పొయ్యి మీదకి ఉల్లి టమాటా ముద్ద. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి 100 మిల్లీలీటర్ల నూనెలో అరగంట వేయించాలి, అవును అరగంట, ఇక్కడ తొందరపడితే కూర తియ్యగా పచ్చిగా ఉంటుంది. తర్వాత అల్లం వెల్లుల్లి, ముప్పావు కిలో టమాటాలు, నూనె వదిలే దాకా. కారం, గరం మసాలా వేయకండి, అవి ఏ కూరకి ఆ కూర. దీన్ని అయిదు భాగాలు చేసి, రెండు ఫ్రిజ్‌లో, మూడు ఫ్రీజర్‌లో. గుడ్డు పులుసు, శెనగల కూర, ఆదివారం చికెన్ అన్నిటికీ మొదలు ఇదే.

ఉల్లిపాయలు వేగుతున్న ఆ అరగంటలో తరగండి. బీన్స్, క్యారెట్ తరిగి ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు వేసి తీసి చన్నీళ్ళలో వేసి, గుడ్డ మీద ఆరబెట్టి డబ్బాలో పెడితే మూడు రోజులు రంగు కూడా మారదు. దొండకాయలు పచ్చివే చీలికలు చేసి పెట్టేయొచ్చు. గోంగూర మాత్రం ఆదివారమే ఆకు వలిచి, కడిగి, రెండు చెంచాల నూనెలో మగ్గబెట్టి దగ్గరకి అయ్యాక చిన్న డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి, ఆకుగా ఉంచితే శుక్రవారానికి కట్టెలే మిగులుతాయి. తోటకూర, పాలకూర కడగకుండా వేర్లు కోసి కాగితంలో చుట్టి పెట్టాలి, తడి తగిలితే కుళ్ళుతుంది. కరివేపాకు రెమ్మలు కడిగి బాగా ఆరబెట్టి స్టీల్ డబ్బాలో అడుగున టిష్యూ వేసి పెడితే రెండు వారాలు. పచ్చిమిర్చి తొడిమలు తీసేస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయి.

మిక్సీకి కూడా వరస ఉంది, ఇది మా ఆవిడ కనిపెట్టింది, నా క్రెడిట్ కాదు. పొడివి ముందు, తడివి తర్వాత, వాసనవి ఆఖర్న. పుట్నాల పప్పు, ఎండుమిర్చి, ఎండు కొబ్బరి, జీలకర్ర, ఉప్పు వేసి పప్పుల పొడి కొట్టండి, వెల్లుల్లి రెబ్బలు ఆఖర్న వేసి ఒక్క తిప్పు. అదే జారులో పచ్చికొబ్బరి తురుము. తర్వాత అల్లం వెల్లుల్లి. ఇలా చేస్తే మధ్యలో జారు కడగక్కర్లేదు, తిరగేసి చేస్తే నాలుగుసార్లు కడుగుతారు. కొబ్బరి తురుము చిన్న చిన్న పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టండి, నెల ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్దలో కొంచెం ఉప్పు, నూనె వేసి వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. ఒక్కోసారి ఆ ముద్ద ఆకుపచ్చగానో నీలంగానో మారుతుంది, బూజని భయపడి పారేయకండి, అది వెల్లుల్లిలో జరిగే మామూలు మార్పు, ఏం కాదు. నూనెలో పచ్చి వెల్లుల్లి వేసి బయట గట్టు మీద రోజులు రోజులు ఉంచడం మాత్రం చేయొద్దు, అది నిజంగా ప్రమాదం.

పప్పుల పొడి గురించి ఇంకొక్క మాట, దొండకాయ, క్యాబేజీ, బంగాళదుంప, బీన్స్ ఏ వేపుడులోనైనా దించే ముందు రెండు చెంచాలు చల్లితే నాలుగు వేరే కూరల్లా ఉంటాయి. పనంతా ఆ పొడే చేస్తుంది, పేరు మాత్రం మనకొస్తుంది.

చల్లార్చడం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు

వండినవన్నీ గట్టు మీద వదిలేసి చికెన్ తిని పడుకుని సాయంత్రం లేచి ఫ్రిజ్‌లో పెట్టడం, ఇదే అసలు తప్పు. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి, అందుకే వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, ఎండాకాలం మన వంటగదులు 32 డిగ్రీలు ఎప్పుడో దాటేసి ఉంటాయి కాబట్టి గంటే అనుకోండి. అలాగని పొగలు కక్కే గిన్నె పెట్టేస్తే ఫ్రిజ్ అంతా వేడెక్కుతుంది. పప్పు గిన్నెని చన్నీళ్ళు పోసిన బేసిన్‌లో పెట్టి గరిటెతో తిప్పుతూ ఉండండి, పావుగంటలో గోరువెచ్చగా అవుతుంది. ముద్దలాంటివి వెడల్పాటి పళ్ళెంలో పరచండి, పులిహోరకి అన్నం ఆరబెడతాం కదా అలా.

అన్నం మాత్రం వారానికి వండి పెట్టకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా బయట కూర్చుంటే మళ్ళీ లేచి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అన్నం కుక్కర్‌లో 15 నిమిషాల పని, పొద్దున్న స్నానానికి వెళ్ళే ముందు పెట్టేస్తే అయిపోతుంది. మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయండి. మరి మా తాతలు చద్దన్నం తినలేదా అంటారు, తిన్నారు, రాత్రి గంజిలోనో మజ్జిగలోనో పులియబెట్టి పొద్దున్నే తినేశారు, అయిదు రోజులు దాచుకోలేదు కదా.

ఫ్రిజ్‌లో ఎక్కడేం పెట్టాలి

వండినవి పైన, పచ్చివి కింద. పచ్చి చికెన్ పసుపు, ఉప్పు, కారం, పెరుగు పట్టించి మూత గట్టిగా ఉన్న డబ్బాలో అట్టడుగు అరలో, దాని నీళ్ళు ఇంకే దాని మీదా కారకుండా. అదీ రెండు రోజులకి మించితే ఫ్రీజర్‌లోకే. తలుపులో పాలు పెట్టకండి, తీసినప్పుడల్లా అక్కడే వేడి తగులుతుంది, తలుపులో పచ్చళ్ళూ పొడులూ పెట్టుకోండి.

పులిహోర గుజ్జు లాంటి నిలవుండేవి పక్కన పెడితే, వండిన వస్తువుకి ఫ్రిజ్‌లో నాలుగు రోజులు గరిష్ఠం అనుకోండి. ఆదివారం ఉడికించిన పప్పు బుధవారం దాకా ఫ్రిజ్‌లో, శుక్రవారానిది ఆదివారమే వేరు చేసి ఫ్రీజర్‌లో. ఉడికిన గుడ్లు పెంకుతో వారం ఉంటాయి, పెంకు తీస్తే ఆ రోజే తినాలి. ఫ్రీజర్‌లో పెట్టే డబ్బా అంచు దాకా నింపకండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, గాజు అయితే పగులుతుంది. గడ్డ కరిగించడానికి గట్టు మీద పెట్టకుండా ముందు రాత్రి కింద అరలోకి మార్చండి. ఆ ముందు రాత్రే మర్చిపోతాం, అందుకే ఫ్రిజ్‌కి అంటించిన కాగితం మీద గురువారం గడిలో "గోంగూర దించు" అని కూడా రాసుకుంటా.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచండి, నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే దాదాపు రెండు రోజులు. సంక్రాంతికి ఊరెళ్తున్నప్పుడు ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి, తిరిగొచ్చాక బిళ్ళ మీదే ఉంటే సరే, అడుగుకి మునిగిపోయి ఉంటే మీరు లేనప్పుడు మంచు మొత్తం కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, లోపలున్నవి పారేయడమే.

పొద్దున్న ఇరవై నిమిషాలు

సోమవారం పొద్దున్న ఇలా ఉంటుంది. అన్నం కుక్కర్ పెట్టేసి, ఒక పొయ్యి మీద మూకుడులో దొండకాయ చీలికలు నూనెలో వేసి వదిలేయండి. ఇంకో పొయ్యి మీద చిన్న గిన్నెలో టమాటాలు, పచ్చిమిర్చి మగ్గాక ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు వేసి ఉప్పు, కారం, ఒక చింతపండు ముక్క, బాగా కుతకుతా ఉడకాలి, ఉత్తినే వెచ్చబెడితే సరిపోదు. అప్పుడు తాలింపు, ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు. అందులోకి పప్పు తిరగేసి మూత పెట్టేయండి, ఆ వాసన లోపలే ఉండాలి. వేపుడులో పప్పుల పొడి చల్లి దించేయండి. ఎదురింటి ఆంటీ "ఏంటి బాబూ పొద్దున్నే ఇంత వంట చేసేశారు" అంటే ఔనని తల ఊపేయండి, ఆదివారం సంగతి చెప్పక్కర్లేదు.

గుడ్డు పులుసు ఇంకా తేలిక, ఉల్లి టమాటా ముద్ద ఒక భాగం, చింతపండు ముక్కలు మూడు, నీళ్ళు, కారం, ధనియాల పొడి, మరిగాక గాట్లు పెట్టిన గుడ్లు. పులుసు సోమవారం రాత్రే చేసుకుంటే ఇంకా మంచిది, మర్నాటికి పులుపు కారం గుడ్డుకి పడతాయి. చేపల పులుసు రెండో రోజే బాగుంటుందని ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు కదా, అదే సూత్రం.

ఎంత వేడి చేయాలి అంటే ఆ పూటకి కావాల్సినంతే బయటకి తీసి వేడి చేయాలి, డబ్బా మొత్తం వేడి చేసి మిగిలింది మళ్ళీ లోపల పెట్టి మళ్ళీ రేపు వేడి చేయడం వద్దు.

ఏవి పనికిరావు

బెండకాయ చెప్పాను కదా, సోమవారం తప్ప ఇంకే రోజూ పెట్టకండి, కడిగి తుడిచి ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి తరిగితే ఒక్కరోజు ఆగుతుంది. వంకాయ ముందే కోస్తే నల్లబడి కనరెక్కుతుంది, అప్పటికప్పుడే. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు వండి పెడితే నీరొదిలేస్తాయి. ఉడికిన బంగాళదుంప ఫ్రీజర్‌లో పెడితే ఇసకలా అవుతుంది, ఫ్రిజ్‌లో మూడు రోజుల్లో వాడేయాలి. కొబ్బరి పచ్చడి ఉదయానిది సాయంత్రానికే తేడా కొడుతుంది. చపాతీ పిండి కలిపి పెడితే రెండో రోజుకి నల్లగా అవుతుంది, దానికంటే పుల్కాలు సగం కాల్చి మధ్యలో కాగితాలు పెట్టి దాచుకుంటే మూడు రోజులు ఫ్రిజ్‌లో బానే ఉంటాయి. పెరుగన్నం ముందు రాత్రి కలిపితే పొద్దున్నకి పుల్లగా గట్టిగా అవుతుంది, పొద్దున్నే పాలు ఎక్కువ, పెరుగు ఒక చెంచా వేసి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది.

డల్లాస్‌లో ఉన్న మా అక్క పెద్ద ఫ్రీజర్ ఒకటి విడిగా కొనుక్కుని నెలకి సరిపడా సాంబారు గడ్డకట్టించుకుంటుంది, అక్కడ మునక్కాడలు దొరికినప్పుడే దొరుకుతాయి కాబట్టి కోసి ఫ్రీజర్‌లో పడేస్తుంది, అది వాళ్లకి కుదురుతుంది. మన డబల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా పోగా రెండు అరల జాగా ఉంటే గొప్ప, కాబట్టి ముక్కలుగా, చిన్న పొట్లాలుగా పెట్టుకోవడమే దారి.

మొదటి వారం ఎంత చేయాలి

ఇదంతా చదివి ఈ ఆదివారమే మొత్తం చేసేద్దాం అనుకోకండి, నాలా అలిసిపోయి రెండో వారం మానేస్తారు. మొదటి వారం చప్పటి పప్పు, చింతపండు ముక్కలు, పప్పుల పొడి, ఈ మూడే. గంట కూడా పట్టదు. రెండో వారం ఉల్లి టమాటా ముద్ద కలపండి, మూడో వారం తరిగిన కూరగాయలు. అప్పటికి మీ ఇంట్లో ఏది మిగులుతోందో ఏది బుధవారానికే అయిపోతోందో తెలుస్తుంది, గురువారం రాత్రి ఫ్రిజ్ తీసి చూసి కాగితం మీద మిగిలినవాటికి గుండ్రంగా సున్నా చుట్టండి, వచ్చే వారం అది సగమే చేయండి. మా కాగితం మీద నాలుగు వారాలుగా బీట్‌రూట్ చుట్టూ సున్నా పడుతూనే ఉంది, అయినా ప్రతి శనివారం రైతు బజార్‌లో అదే కొంటున్నా, ఎందుకో నాకే తెలీదు.